పాత గేర్‌బాక్సు పనికొస్తుందా?

మీ బాబాయికి ఒక పికప్ బండి ఉందనుకోండి. మదనపల్లె మార్కెట్టులో టమాటా బాక్సులు ఎక్కించుకుని తెల్లవారేలోగా తిరుపతి చేర్చడం ఆయన పని. ఒకరోజు భాకరాపేట ఘాట్ దిగుతుండగా మూడో గేరు దానంతటదే జారి న్యూట్రల్‌లో పడింది. అంతవరకు బండిని పట్టి ఉంచిన ఇంజను ఒక్కసారిగా పట్టు వదిలేసింది. బండి వేగం అందుకుంది. ఎలాగో బ్రేకుల మీదే ఆపి, ఆయన ప్రాణాలు దక్కించుకున్నాడు.

మెకానిక్ చూసి, "గేర్‌బాక్సు పోయిందన్నా. కొత్తది కొనాలంటే చాలా ఖర్చు. పాతది ఒకటి చూసి వేసేద్దాం" అన్నాడు. బాబాయి ఇంటికొచ్చి మిమ్మల్ని అడిగాడు: "నువ్వు సైన్సు చదువుతున్నావు కదా, పాత గేర్‌బాక్సును నమ్మొచ్చంటావా?"

మీరేం చెబుతారు? నమ్మవచ్చు. అయితే ముందుగా మూడు ప్రశ్నలకు జవాబు కావాలి. అది మన బండికి సరిపోయేదేనా? దాని ఆరోగ్యం ఎలా ఉంది? మన గేర్‌బాక్సు అసలెందుకు పాడైంది? చాలామంది మొదటి ప్రశ్న దగ్గరే ఆగిపోతారు. అసలు కీలకం మూడోదానిలో ఉంది.

గేర్‌బాక్సు లోపల

పలుగుతో బండరాయిని ఎత్తడం మీరు చూసే ఉంటారు. చేయి ఎక్కువ దూరం కదిలితే రాయి కొద్దిగా లేస్తుంది, కాని బలం ఎన్నో రెట్లు పెరుగుతుంది. గేర్‌బాక్సు చేసేదీ అదే, కాకపోతే గుండ్రంగా తిరుగుతూ చేస్తుంది. ఇంజను తిప్పే బలం, అంటే టార్క్, 200 న్యూటన్ మీటర్లు అనుకుందాం. మొదటి గేరులో అది 4 రెట్లు, వెనుక ఇరుసులో ఉండే గేర్లలో మరో 4 రెట్లు పెరిగితే, చక్రాల దగ్గర 3,200 న్యూటన్ మీటర్లు అవుతుంది. ఘర్షణలో కొంత పోతుంది, అది వేరే సంగతి. బలం 16 రెట్లు పెరిగింది కాబట్టి వేగం 16 రెట్లు తగ్గుతుంది. శక్తి ఎక్కడా ఊరికే పుట్టదు కదా!

పికప్ బండ్లలో ఉండే సాధారణ గేర్‌బాక్సులో ముఖ్యమైన షాఫ్ట్‌లు మూడు. ఇంజను నుంచి వచ్చేది క్లచ్ షాఫ్ట్. చక్రాల వైపు వెళ్లేది మెయిన్ షాఫ్ట్. ఈ రెండింటి కింద ఉండేది లే షాఫ్ట్. ముందుకు నడిపే గేర్ల పళ్లు ఎప్పుడూ ఒకదానితో ఒకటి కలిసే తిరుగుతుంటాయి. మీరు గేరు మార్చినప్పుడు, మెయిన్ షాఫ్ట్ మీద వదులుగా తిరుగుతున్న ఒక గేరును ఒక స్లీవ్ వచ్చి షాఫ్ట్‌కు బిగించేస్తుంది. బిగించేముందు రెండింటి వేగాలు సమానం కావాలి. ఆ పని చేసేవి సాధారణంగా ఇత్తడి జాతి లోహంతో చేసే సింక్రోనైజర్ రింగులు. ఇవి శంకువు ఆకారపు భాగం మీద రాసుకుని వేగాలను కలుపుతాయి. 1928లో కాడిలాక్ కార్లలో ఈ ఏర్పాటు రాకముందు, గేరు మార్చడం డ్రైవరు నేర్పుకు పరీక్షగా ఉండేది.

బాబాయి బండిలో జరిగిందేమిటి? స్లీవ్‌ను, గేరును కలిపి పట్టే చిన్న పళ్ల అంచులు అరిగి గుండ్రపడినా, స్లీవ్‌ను స్థానంలో నిలిపే స్ప్రింగు బలహీనపడినా, దిగుడులో బలం ఎదురుదిశ నుంచి వచ్చేసరికి స్లీవ్ జారిపోతుంది. అందుకే ఆ లోపం ఎక్కుడులో కాక దిగుడులో బయటపడింది.

సరిపోతుందా?

విజయవాడ ఆటోనగర్, చెన్నై పుదుప్పేట, ఢిల్లీ మాయాపురి వంటివి పాత విడిభాగాలకు పేరుపడిన చోట్లు. అక్కడ మీ బండి పేరు చెబితే "అదే ఇది" అంటూ ఒక గేర్‌బాక్సు చూపిస్తారు. పైకి ఒకేలా కనిపించినా, ఒకే బండిలోని వేర్వేరు మోడళ్లకు లోపలి పళ్ల సంఖ్య వేరుగా ఉండవచ్చు. కనుక క్లచ్ షాఫ్ట్ మీది గాడుల సంఖ్య, షాఫ్ట్ పొడవు, బెల్ హౌసింగ్ బోల్టు రంధ్రాలు, వెనుక ఫ్లాంజి కొలతలు పాతదానితో పోల్చాలి.

గేరు నిష్పత్తిని తెరవకుండానే కనుక్కోవచ్చు. క్లచ్ షాఫ్ట్ మీద, వెనుక ఫ్లాంజి మీద సుద్దముక్కతో గీతలు పెట్టండి. మొదటి గేరు వేసి, ఫ్లాంజి సరిగ్గా 10 చుట్లు తిరిగేదాకా క్లచ్ షాఫ్ట్‌ను చేత్తో తిప్పుతూ లెక్కపెట్టండి. 41 చుట్లు వచ్చాయా? నిష్పత్తి సుమారు 4.1. లోపలి లెక్క ఇలా ఉంటుంది: క్లచ్ షాఫ్ట్ గేరుకు 20 పళ్లు, దానితో కలిసే లే షాఫ్ట్ గేరుకు 35 పళ్లు ఉంటే 35 ÷ 20 = 1.75. మొదటి గేరు దగ్గర లే షాఫ్ట్‌కు 15, మెయిన్ షాఫ్ట్‌కు 35 ఉంటే 35 ÷ 15 = 2.33. రెండూ గుణిస్తే 4.08. ఇలాగే అన్ని గేర్లకూ చూసి, బండి మాన్యువల్‌తో పోల్చుకోవాలి.

స్పీడోమీటరును మరచిపోకండి. చాలా బండ్లలో దాన్ని నడిపేది గేర్‌బాక్సే. కేబుల్‌తో నడిచే రకంలో 20 పళ్ల గేరు ఉండాల్సిన చోట 22 పళ్లది వస్తే కేబుల్ నెమ్మదిగా తిరుగుతుంది. బండి 60 కిలోమీటర్ల వేగంతో పోతుంటే ముల్లు 54 దాటి కొద్దిగా మాత్రమే చూపిస్తుంది! అలాంటప్పుడు మన పాత గేర్‌బాక్సులోని ఆ చిన్న గేరును తీసి దీనికి వేసుకోవాలి.

ఆరోగ్యంగా ఉందా?

ఇక్కడ కాస్త లోహశాస్త్రం కావాలి. గేరు పన్ను పైన చాలా గట్టిగా ఉండాలి, లేకపోతే అరుగుతుంది. లోపల కొంచెం సాగే గుణం ఉండాలి, లేకపోతే దెబ్బకు విరుగుతుంది. ఒకే లోహంలో ఈ రెండు గుణాలు తేవడానికి ఒక ఉపాయం ఉంది. కార్బన్ తక్కువగా, సుమారు 0.2 శాతం, ఉన్న ఉక్కుతో గేరు చేస్తారు. దాన్ని 900 డిగ్రీల సెల్సియస్‌కు పైగా వేడి చేసి కార్బన్ వాయువుల మధ్య ఉంచితే, పై పొరలోకి కార్బన్ చొరబడుతుంది. వెంటనే చల్లారిస్తే ఆ పొర అతి గట్టిగా మారుతుంది. దాని మందం మామూలుగా ఒక మిల్లీమీటరు, లేదా అంతకన్నా తక్కువ. పాత గేరు ఆయుష్షు ఈ పలుచని చర్మం మీద ఆధారపడి ఉంటుంది.

ఇంజను నిమిషానికి 2,000 సార్లు తిరుగుతుంటే, క్లచ్ షాఫ్ట్ గేరులోని ప్రతి పన్నూ గంటకు 1,20,000 సార్లు నొక్కుడుకు గురవుతుంది. ఏళ్ల తరబడి ఇలా జరిగితే పైపొరలో కంటికి కనిపించని పగుళ్లు పుట్టి, చిన్న చిన్న పెచ్చులు రాలుతాయి. పన్ను మీద మశూచి మచ్చల్లాంటి గుంటలు పడతాయి. అలాంటి గేర్లున్న బాక్సును కొనకండి. నున్నగా, సమంగా మెరుస్తున్న పళ్లయితే బండి పాతదైనా భయం లేదు.

పై మూత తీయనిస్తే పళ్లతోపాటు సింక్రోనైజర్ రింగులనూ చూడండి. రింగును శంకువు మీద నొక్కి, దానికీ గేరుకూ మధ్య ఖాళీని ఫీలర్ గేజితో కొలవాలి. రింగు అరిగేకొద్దీ ఈ ఖాళీ తగ్గిపోతుంది. ఎంతవరకు పర్వాలేదో మాన్యువల్‌లో ఉంటుంది. మూత తీయనివ్వకపోతే ఆయిల్ డ్రెయిన్ ప్లగ్గును విప్పించండి. దానికున్న అయస్కాంతం మీద బూడిదరంగు మెత్తటి ముద్ద ఉంటే అది మామూలు అరుగుదల. చేతికి గుచ్చుకునే ఉక్కు ముక్కలు కనిపిస్తే ఆ బేరం వదిలేయండి. ఆయిల్‌లో పసుపు తళుకులు కనిపిస్తే రింగులు అరుగుతున్నాయన్నమాట. కొనేటప్పుడు బిల్లు తీసుకోవడం మరవకండి. దొంగ బండి భాగం మనకు వద్దు.

మనది ఎందుకు పోయింది?

కొత్త గేర్‌బాక్సు వేసినా పాత జబ్బు తిరగబెట్టవచ్చు. ఎందుకంటే జబ్బు చాలాసార్లు గేర్‌బాక్సు బయట ఉంటుంది. క్లచ్ పూర్తిగా విడిపోకపోతే గేరు మార్చిన ప్రతిసారీ ఇత్తడి రింగులు ఇంజను బలంతో పోరాడి అరిగిపోతాయి. ఆయిల్ సీలు కారుతుంటే ఆయిల్ తగ్గి బేరింగులు మాడిపోతాయి. డ్రైవరు చేయి ఎప్పుడూ గేరు రాడ్డు మీదే ఉంచితే లోపల స్లీవ్‌ను జరిపే ఫోర్కులు అరుగుతాయి. తప్పుడు ఆయిల్ కూడా ప్రమాదమే. జీఎల్-4 పోయాల్సిన చోట కొన్ని రకాల జీఎల్-5 ఆయిళ్లు పోస్తే, వాటిలో ఎక్కువగా ఉండే గంధక, భాస్వర రసాయనాలు ఇత్తడిని తినేస్తాయి. మాన్యువల్ చెప్పినదే పోయాలి.

అమెరికాలో పికప్ ట్రక్కులకు ఎక్కువగా ఆటోమేటిక్ గేర్‌బాక్సులుంటాయి. అక్కడి మెకానిక్‌లకు ఈ పాఠం బాగా తెలుసు. చెడిన గేర్‌బాక్సు నుంచి రాలిన లోహపు పొడి ఆయిల్‌ను చల్లబరిచే గొట్టాల్లో ఉండిపోతుంది. వాటిని కడగకుండా మరొకటి బిగిస్తే ఆ పొడి కొత్తగా వచ్చినదాన్నీ చంపేస్తుంది.

బిగించేటప్పుడు

ఈ పని అనుభవమున్న మెకానిక్‌కే వదలాలి. కాని ఏం జరుగుతోందో మీరు గమనించవచ్చు. ముందుగా బ్యాటరీ తీగ విప్పాలి. బండిని జాకీ మీద మాత్రమే వదలకుండా గట్టి స్టాండ్ల మీద నిలపాలి. జాకీని నమ్మి బండి కింద దూరకూడదు. గేర్‌బాక్సు దిగిన తరువాత క్లచ్ ప్లేటు, రిలీజ్ బేరింగు, ఆయిల్ సీళ్లు చూసి, అరిగినవి అప్పుడే మార్చాలి. వాటి కోసం మళ్లీ అంతా విప్పడం దండుగ.

గేర్‌బాక్సును ఎక్కించేటప్పుడు దాని బరువును క్లచ్ షాఫ్ట్ మీద వేలాడనివ్వకూడదు. పలుగు సూత్రమే ఇక్కడ శత్రువు అవుతుంది. పొడవాటి బాక్సు బరువు షాఫ్ట్ చివర పడి క్లచ్ ప్లేటు మధ్యభాగాన్ని వంచేస్తుంది. అలాగే రెండు ముఖాలు కలవకముందే బోల్టులతో లాగితే బెల్ హౌసింగ్ పగులుతుంది. క్లచ్ ప్లేటు సరిగ్గా మధ్యలో ఉంటే బాక్సు చేతితో తోస్తేనే లోపలికి వెళుతుంది.

మొదట ఖాళీ బండితో, చదునైన రోడ్డు మీద అన్ని గేర్లూ వేసి చూడాలి. కొన్ని వందల కిలోమీటర్లు నడిచాక ఆయిల్ తీసి అయస్కాంతాన్ని మళ్లీ పరీక్షించాలి. అది శుభ్రంగా ఉన్నాకే బాబాయి టమాటా బాక్సులతో ఘాట్ దిగవచ్చు.

ఈలోగా మీరొక పని చేయండి. మీ సైకిలుకు స్టాండు వేసి, పెడల్‌ను నెమ్మదిగా 10 చుట్లు తిప్పి, వెనుక చక్రం ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టండి. తరువాత ముందు, వెనుక పళ్ల చక్రాల పళ్లు లెక్కించండి. ముందు 44, వెనుక 18 ఉంటే చక్రం 24 చుట్లు దాటి తిరగాలి. మీ లెక్క సరిపోయిందా? అయితే బాబాయితో కలిసి గేర్‌బాక్సు చూడడానికి మీరూ వెళ్లవచ్చు. వెళ్లేటప్పుడు జేబులో ఒక సుద్దముక్క వేసుకోండి.