మీకు తెలుసా? హాట్ వీల్స్ బొమ్మ కారు వెనక ఒక క్షిపణి ఇంజినీరు ఉన్నాడు!

అమెరికాలోని మాటెల్ కంపెనీ 1968లో తొలి హాట్ వీల్స్ కార్లను 16 మోడళ్లలో విడుదల చేసింది. అంతకుముందు దొరికే చిన్న లోహపు కార్లు ముచ్చటగానే ఉండేవి కానీ, తోస్తే కాస్త దూరం పోయి ఆగిపోయేవి. ఇరుసు దగ్గర రాపిడి ఎక్కువ మరి! హాట్ వీల్స్‌లో ఇరుసుగా సన్నటి ఉక్కు తీగను వాడారు. చక్రం లోపల డెల్రిన్ అనే నున్నటి ప్లాస్టిక్‌తో చేసిన బేరింగు పెట్టారు. ఆ తొలి కార్లను పైనుంచి వేలితో నొక్కి చూడండి, కిందికి దిగి మళ్లీ లేస్తాయి. వంచి అమర్చిన ఆ తీగే స్ప్రింగులా కూడా పనిచేస్తుంది. ఒకే తీగతో వేగం, సస్పెన్షన్ రెండూ సాధించడం నిజంగా గొప్ప ఆలోచన. మొదట చెప్పిన ఇంజినీరు ఇతనే: అప్పట్లో మాటెల్ పరిశోధన విభాగాన్ని నడిపిన జాక్ ర్యాన్ అంతకుముందు రేథియాన్ అనే కంపెనీలో క్షిపణుల మీద పనిచేశాడు.

ఇక రూపం సంగతి. తొలి మోడళ్లలో ఎక్కువ వాటిని గీసిన హ్యారీ బెంట్లీ బ్రాడ్లీ, జనరల్ మోటార్స్‌లో అసలు కార్లకు డిజైన్లు చేసినవాడే. చాలా మోడళ్లకు ముందు చక్రాల కన్నా వెనక చక్రాలు పెద్దవి. అందుకే బండి ముక్కు కిందికి వాలి, నిలబడి ఉన్నా దూసుకుపోబోతున్నట్టు కనిపిస్తుంది. మెరుగు పెట్టిన లోహం మీద పారదర్శకమైన రంగు వేయడంతో అడుగున ఉన్న మెరుపు పైకి తేలింది. టైరు చుట్టూ ఎర్ర గీత 1977 దాకా కొనసాగింది. సేకర్తలు పాత కారును గుర్తుపట్టేది ముందుగా ఆ గీతతోనే.