బొగ్గు నేలలో ప్రకృతి యాత్రలు

బొగ్గు ఎక్కడినుండి వచ్చునని నస్పూరు బాలుర నడిగినచో "బాయినుండి" యని తడుముకొనక చెప్పుదురు. బాయిలోని కెట్లు వచ్చెనని యడిగినచో పలువురు మౌనము వహింతురు. తండ్రులు షిఫ్టులవారీగా దిగి త్రవ్వి తెచ్చు వస్తువును గూర్చి బిడ్డల కింతమాత్రమే తెలియుట విచారకరము. అందుచేతనే మేము విద్యార్థులను గదుల వెలుపలికి గొనిపోవుచున్నాము. యాత్ర యనగా పులిహోర పొట్లములు, పాటలు నని కొందరు తలిదండ్రు లెంచుదురు. పులిహోర యుండును, నిజమే. కాని పర్యావరణ విద్యను పాఠశాలలందు బోధింపవలయునని 1991లో సుప్రీము కోర్టే యాదేశించినది. అడవిని నల్లబల్లపై గీచి చూపినంత మాత్రమున నది నెరవేరునా?

మొదటి పాఠమునకు దూరము పోనక్కరలేదు. బొగ్గుపొరలతో గూడియున్న పలకరాతిపై నొక్కొక్కప్పుడు నాలుకవంటి యాకుముద్ర కానవచ్చును. అది గ్లోసోప్టెరిస్ అను చెట్టుది. 25 కోట్ల యేండ్లకు పూర్వము ఈ గోదావరి లోయలోని చిత్తడినేలలందు పెరిగిన చెట్లు కూలి, ఇసుక బురదల క్రింద నణగి బొగ్గైనవి. ఆఫ్రికా, ఆస్ట్రేలియాలయందును ఇదే యాకు దొరకును. 1912లో దక్షిణధ్రువమునుండి మరలుచు మంచులో మరణించిన కెప్టెన్ స్కాటు బృందమువారు కడవరకు విడువక మోసిన రాళ్లలోను ఇది యుండెను. నాడీ ఖండము లన్నియు నొకే భూమి. దానికి శాస్త్రజ్ఞు లిడిన గోండ్వానా యను పేరు గోండుల దేశమునుబట్టి వచ్చినదే. ఈ మాట చెప్పునపుడు తరగతిలోని గోండు పిల్లల ముఖములు చూడదగినవి!

లక్షెట్టిపేట మీదుగా జన్నారము పోయినచో కవ్వాలు అరణ్యము. 1965లో అభయారణ్యమై, 2012లో పులుల రక్షితప్రాంతమైనది. పులిని చూపుదుమని మేము మాట యీయము. టేకు లేతాకును నలిపినచో వ్రేళ్లు ఎఱ్ఱబడును. నల్లమద్ది బెరడు మొసలి వీపువలె గండ్లుపడి యుండును. పిల్లల కిదియే చాలును.

నిజమైన మొసళ్లు జైపూరు మండలమందలి శివ్వారమున, గోదావరి మడుగులలో నున్నవి. చలికాలపు టుదయమున పోవలయును. మొసలి తనంత తాను వేడిని పుట్టించుకొనలేదు గనుక ఎండకై గట్టెక్కును. వేసవిలో ఇసుకలో గుంటచేసి గ్రుడ్లు పెట్టును. ఆ ఇసుక వేడిమినిబట్టియే పిల్ల ఆడదో మగదో యగును. ఇసుకను లారీల కెత్తినచో గ్రుడ్లకు తావెక్కడ?

అట్టి ప్రశ్నయే పిల్లలు మమ్మును వేయుదురు: బొగ్గుకొఱకు పైనున్న యడవిని తీసివేయవలసినదేనా? మన యింటి కూడు బొగ్గువలననే వచ్చుచున్నది. మేము తొందరపడి యుత్తరము చెప్పము, తండ్రుల నడుగుమందుము. కొందఱు తండ్రులు మరునాడు బడికి వచ్చి మాతో వాదించిరి, మాకది సంతోషమే.

రాదలచినవారు నోటుపుస్తకము, పెన్సిలు, నీళ్లసీసా తెచ్చుకొనవలయును. ఎఱ్ఱని బట్టలు వలదు. తలిదండ్రుల సమ్మతిపత్రము ముందుగా నీయవలయును.