వైన్: విండోస్ ప్రోగ్రాంకు లినక్స్‌లో దుబాసీ

విండోస్ కంప్యూటర్‌లో చక్కగా నడిచే ప్రోగ్రాంను తెచ్చి లినక్స్ కంప్యూటర్‌లో పెట్టండి. నడవదు. రెండింటిలోనూ ఒకే రకం ప్రాసెసర్ ఉన్నా సరే! ఎందుకని?

విండోస్, లినక్స్ అనేవి కంప్యూటర్ పనులను అజమాయిషీ చేసే ఆపరేటింగ్ సిస్టంలు. ఏ ప్రోగ్రాం అయినా కూడికలు, తీసివేతలు, పోలికలు ప్రాసెసర్ చేత నేరుగా చేయించుకుంటుంది. కాని ఫైలు తెరవాలన్నా, తెరపై బొమ్మ గీయాలన్నా ఆపరేటింగ్ సిస్టంను అడగవలసిందే. ఈ అడిగే పద్ధతిలోనే తేడా ఉంది. ఫైలు తెరవడానికి విండోస్‌లో ‘క్రియేట్‌ఫైల్’ అని పిలవాలి. లినక్స్‌లో ‘ఓపెన్’ అని పిలవాలి. విండోస్‌లో ‘సి’, ‘డి’ అని డ్రైవ్‌లుంటాయి. లినక్స్‌లో ఆ అక్షరాలే లేవు. ఫైళ్ళన్నీ ఒకే చెట్టు కొమ్మలు.

ఈ చిక్కు విప్పడానికి 1993లో మొదలైనదే ‘వైన్’. రెండు భాషలూ తెలిసి, ఒకరి మాట మరొకరికి చేరవేసే దుబాసీ వంటిది ఇది. ప్రోగ్రాం కోరికను అందుకుని, లినక్స్ పద్ధతిలో పని జరిపించి, జవాబును విండోస్ పద్ధతిలో ఇస్తుంది. లినక్స్‌లోని ఒక ఫోల్డరునే ‘సి’ డ్రైవ్‌గా చూపిస్తుంది. లెక్కల జోలికి మాత్రం పోదు. అవి నేరుగా ప్రాసెసర్‌కే వెళతాయి. అందుకే వేగం అంతగా తగ్గదు. ఒక యంత్రం మరో యంత్రంలా నటించేటట్లు చేసే ప్రోగ్రాంను ఎమ్యులేటర్ అంటారు. వైన్ అలాంటిది కాదు. ‘వైన్ ఈజ్ నాట్ యాన్ ఎమ్యులేటర్’ అన్న మాటల్లోనే దాని పేరు దాగి ఉంది.

వినడానికి సులువే! కాని విండోస్‌లో ఇలాంటి పిలుపులు వేలకొద్దీ ఉన్నాయి. మైక్రోసాఫ్ట్ సంస్థ విండోస్ లోపలి రాతను అందరికీ ఇవ్వదు. కనుక ప్రచురించిన వివరాలు చదివి, చిన్న చిన్న ప్రోగ్రాంలతో పరీక్షించి, ఏది అడిగితే విండోస్ ఏమంటుందో బయటినుంచే కనిపెట్టాలి. జవాబులో ఏదైనా వింత ఉంటే ఆ వింతనూ అనుకరించాలి. దానినే నమ్ముకున్న ప్రోగ్రాంలు ఉంటాయి మరి! అందుకే వైన్ 1.0 వెలువడేసరికి 2008 వచ్చింది. అంటే 15 ఏళ్ళ శ్రమ అన్నమాట! 2018లో వాల్వ్ సంస్థ వైన్ ఆధారంగా ‘ప్రోటాన్’ను తెచ్చింది. దానితో ఎన్నో విండోస్ ఆటలు లినక్స్‌పై ఆడుకోవచ్చు.

అయినా, ఒక్క పిలుపుకు జవాబు తప్పితే చాలు, ప్రోగ్రాం ఆగిపోవచ్చు. మరో సంగతి గుర్తుంచుకోండి. వైరస్ కూడా ఒక ప్రోగ్రామే! వైన్ దాని కోరికలనూ తీర్చగలదు. మీ ఫైళ్ళు పాడు కావచ్చు. దుబాసీకి మాట మార్చడమే తెలుసు; మంచిచెడులు ఎంచవలసింది మీరే.