‘అమెరికా కోర్టు స్టే ఇచ్చింది’ అంటే ఏ కోర్టు? మీ వాళ్లకు వర్తిస్తుందా?

2025 ఏప్రిల్‌లో మీ ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులోకీ ఇలాంటి మెసేజ్ వచ్చే ఉంటుంది: ‘స్టూడెంట్ వీసాల రద్దుపై అమెరికా కోర్టు స్టే. పిల్లలకు ఇక భయం లేదు’.

అందులో సగమే నిజం. అప్పట్లో వేలమంది విదేశీ విద్యార్థుల సెవిస్ రికార్డులను అక్కడి ప్రభుత్వం రద్దు చేసింది. వారిలో మనవాళ్లు చాలామంది. స్టేలు వచ్చిన మాట నిజమే. కానీ ఇచ్చింది ఒక కోర్టు కాదు, వేర్వేరు రాష్ట్రాల్లోని ఫెడరల్ డిస్ట్రిక్ట్ కోర్టులు. అవి రక్షణ కల్పించింది కూడా చాలావరకు కేసు వేసినవారికే. పక్క యూనివర్సిటీలో చదువుతూ కేసు వేయని కుర్రాడికి ఆ కాగితం పనికిరాలేదు. చివరికి కేసుల ఒత్తిడితో ప్రభుత్వమే ఏప్రిల్ 25న రికార్డులను తిరిగి పునరుద్ధరిస్తామని చెప్పింది కాబట్టి మిగిలినవాళ్లూ ఊపిరి పీల్చుకున్నారు.

మీ ఇంట్లో ఎవరైనా అమెరికాలో ఉంటే, ఈ కోర్టుల సంగతి కాస్త తెలుసుకోవడం మంచిది.

పేరు జిల్లా కోర్టే, కానీ...

మన దగ్గర జిల్లా కోర్టు, హైకోర్టు, సుప్రీంకోర్టు అన్నీ ఒకే నిచ్చెనలో మెట్లు. అమెరికాలో రెండు నిచ్చెనలు ఉంటాయి. ప్రతి రాష్ట్రానికీ సొంత కోర్టులు ఒకవైపు, కేంద్ర ప్రభుత్వ చట్టాల కోసం ఫెడరల్ కోర్టులు మరోవైపు. విడాకులు, ఇంటి అద్దె గొడవ, ట్రాఫిక్ చలానా, చాలావరకు హత్య కేసులు కూడా రాష్ట్ర కోర్టులకే వెళ్తాయి.

ఫెడరల్ వైపు మొదటి మెట్టు డిస్ట్రిక్ట్ కోర్టు. సాక్ష్యాలు చూసేది, సాక్షులను విచారించేది, అవసరమైతే జ్యూరీని కూర్చోబెట్టేది ఇక్కడే. దేశం మొత్తం మీద ఇవి 94. న్యూజెర్సీ అంతటికీ ఒక్కటే డిస్ట్రిక్ట్. టెక్సస్‌కు నాలుగు. డాలస్ నగరం నార్తర్న్ డిస్ట్రిక్ట్‌లోకి వస్తే, పక్కనే మన తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే ఫ్రిస్కో, ప్లేనో ఈస్టర్న్ డిస్ట్రిక్ట్‌లోకి వస్తాయి. అరగంట డ్రైవ్‌లో కోర్టు మారిపోతుందన్నమాట.

ఏ కేసులు తీసుకుంటాయి?

కేంద్ర చట్టం మీద, రాజ్యాంగం మీద ఆధారపడిన కేసులు, కేంద్ర ప్రభుత్వమే కక్షిదారుగా ఉన్న కేసులు ఇక్కడికి వస్తాయి. ఇరుపక్షాలూ వేర్వేరు రాష్ట్రాల పౌరులై, వివాదం విలువ 75,000 డాలర్లు దాటినా రావచ్చు. ఒకరు విదేశీ పౌరుడైనా సరే. హెచ్-1బీ మీద ఉన్న మీ అబ్బాయి ఆ లెక్కన విదేశీయుడే. గ్రీన్ కార్డు వచ్చి, ఎదుటివాడు ఉండే రాష్ట్రంలోనే స్థిరపడితే మాత్రం ఈ దారి మూసుకుపోతుంది.

ఎక్కువమంది పొరబడేది ఇమిగ్రేషన్ కోర్టు విషయంలో. పేరుకు కోర్టే గానీ, అది న్యాయశాఖ కింద పనిచేసే విభాగం. అక్కడి జడ్జీలు ఆ శాఖ ఉద్యోగులు. దేశం నుంచి పంపించేయాలన్న తీర్పు అక్కడ వస్తే, సాధారణంగా దాన్ని డిస్ట్రిక్ట్ కోర్టులో సవాలు చేయలేరు. ముందు ఇమిగ్రేషన్ అప్పీళ్ల బోర్డుకు, తర్వాత ఫెడరల్ అప్పీలు కోర్టుకు వెళ్లాలి.

అయితే దరఖాస్తు ఏళ్ల తరబడి కదలకపోతే డిస్ట్రిక్ట్ కోర్టు తలుపు తట్టవచ్చు. పౌరసత్వం ఇంటర్వ్యూ అయ్యాక 120 రోజుల్లో నిర్ణయం రాకపోతే నేరుగా ఇక్కడికే వెళ్లే హక్కును చట్టమే ఇచ్చింది. సివిల్ కేసు వేయడానికి ఫీజు 405 డాలర్లు. లాయర్ ఖర్చు వేరే, అసలు భారం అదే.

జడ్జీలు ఎవరు?

మొత్తం జడ్జి పోస్టులు 677. అధ్యక్షుడు నామినేట్ చేస్తాడు, సెనెట్ ఆమోదించాలి. మన హైకోర్టు జడ్జి 62 ఏళ్లకు దిగిపోవాలి. వీళ్లకు రిటైర్మెంట్ వయసే లేదు. అభిశంసనతో తప్ప తొలగించలేరు, జీతం తగ్గించలేరు. నియమించిన అధ్యక్షుడు గద్దె దిగి దశాబ్దాలైనా జడ్జి కుర్చీలోనే ఉంటారు.

దీని ఫలితం జన్మతః పౌరసత్వం కేసులో కనిపించింది. హెచ్-1బీ దంపతులకు పుట్టే పిల్లలనూ తాకే ట్రంప్ ఉత్తర్వును 2025 జనవరి 23న మొదట ఆపింది సియాటిల్‌లోని జడ్జి జాన్ కఫ్‌నార్. 1981లో రీగన్ నియమించిన వ్యక్తి, అప్పటికి వయసు 83. ట్రంప్ పార్టీ అధ్యక్షుడే నియమించిన జడ్జి అని గమనించండి.

అదే కేసుల నుంచి ఒక పెద్ద మార్పు కూడా వచ్చింది. ఒక జిల్లా జడ్జి దేశమంతటికీ వర్తించేలా ఉత్తర్వు ఇవ్వడం చాలావరకు కుదరదని సుప్రీంకోర్టు 2025 జూన్ 27న తేల్చింది. కేసు వేసినవారికి పూర్తి ఊరట ఇవ్వడానికి ఎంత అవసరమో అంతే ఇవ్వాలి. కాకపోతే ఒకే పరిస్థితిలో ఉన్న అందరి తరఫున వేసే క్లాస్ యాక్షన్ దారి మిగిలే ఉంది. రెండు వారాలు తిరక్కుండానే, జులై 10న న్యూహాంప్‌షైర్ జడ్జి జోసెఫ్ లాప్లాంట్ ఆ దారిలోనే పిల్లలందరినీ ఒక క్లాస్‌గా గుర్తించి ఉత్తర్వును మళ్లీ ఆపారు.

మెసేజ్ వస్తే ఏం చూడాలి?

ఉత్తర్వు మొదటి పేజీలో పైన కోర్టు పేరు, డిస్ట్రిక్ట్ ఉంటాయి. ఎవరికి వర్తిస్తుందో చివరి పేజీల్లో ఉంటుంది. కేసు వేసినవాళ్లకేనా, క్లాస్ మొత్తానికా అన్నది అక్కడ చూడండి. తాత్కాలిక నిలుపుదల అయితే సాధారణంగా 14 రోజులే, పొడిగిస్తే మరో 14. పాత మెసేజ్ కొత్తగా ఫార్వర్డ్ అయిందేమో తేదీ కూడా చూసుకోండి.

కేసు పత్రాలు పేసర్ అనే ప్రభుత్వ వెబ్‌సైట్‌లో దొరుకుతాయి. పేజీకి 10 సెంట్లు, ఒక్కో పత్రానికి గరిష్ఠంగా 3 డాలర్లు. మూడు నెలల్లో బిల్లు 30 డాలర్లు దాటకపోతే అసలు డబ్బే తీసుకోరు.