సర్పి టీకా చెప్పిన సంగతులు

వేల్స్‌లో 1933 సెప్టెంబరు 1న పుట్టినవాళ్లకు ఆ టీకా ఇవ్వలేదు. మర్నాడు పుట్టినవాళ్లకు ఇచ్చారు. టీకా షింగిల్స్‌ది. మన ఊళ్లలో సర్పి అంటామే, ఆ జబ్బుది. 2013 సెప్టెంబరు 1న కార్యక్రమం మొదలయ్యేనాటికి ఎనభయ్యో పుట్టినరోజు వచ్చేసినవాళ్లను అక్కడి ప్రభుత్వం పక్కన పెట్టింది. అంత వయసులో అప్పటి టీకా సరిగా పట్టదన్న లెక్కతో గీసిన గీత అది. ఒక్క రోజు ముందు పుట్టినందుకు ఎవరైనా గొడవపడ్డారో లేదో గానీ, పరిశోధకులకు మాత్రం బాగా కలిసొచ్చింది.

టీకాల మీద పరిశోధనలో ఎప్పుడూ ఉండే తలనొప్పి ఒకటుంది. పిలవగానే వెళ్లి టీకా వేయించుకునేవాళ్లు మామూలుగానే ఒంటిమీద శ్రద్ధ ఉన్నవాళ్లు. పొద్దున్నే నడుస్తారు, బీపీ మాత్ర మానరు. వాళ్లు బాగున్నారంటే ఆ గొప్ప టీకాదా, శ్రద్ధదా? తేల్చడం కష్టం. కానీ ఆ గీతకు వారం అటూ వారం ఇటూ పుట్టినవాళ్ల మధ్య చదువులోనూ, అలవాట్లలోనూ తేడా ఏముంటుంది? తేడా అంతా టీకాలోనే. అటువైపు వేయించుకున్నవాళ్లు దాదాపు సున్నా, ఇటువైపు 47 శాతం. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలోని పాస్కల్ గెల్డ్‌సెట్జర్ బృందం 2 లక్షల 80 వేల మందికి పైగా వృద్ధుల వైద్య రికార్డులు తిరగేసింది. ఏడేళ్లలో టీకా పడ్డవాళ్లలో డిమెన్షియా సుమారు 20 శాతం తక్కువగా వచ్చింది. ఆడవాళ్లలో ఈ మేలు ఇంకా ఎక్కువ. 2025 ఏప్రిల్‌లో నేచర్ పత్రికలో అచ్చయిన ఫలితమిది.

చర్మం మీద పొక్కులు రాకుండా ఇచ్చిన టీకాకూ మతి తప్పే జబ్బుకూ సంబంధమేమిటి? దానికి ముందు సర్పి సంగతి తెలియాలి.

ఒంటికి ఒక పక్కనే, నడుము దగ్గరో, రొమ్ము కిందో, నుదుటి మీదో మంట మొదలవుతుంది. రెండు మూడు రోజుల్లో అక్కడ కందిపోయి నీటిపొక్కులు వరసగా లేస్తాయి. అవి చెక్కు కట్టి రాలిపోయినా కొందరికి నొప్పి నెలల తరబడి వదలదు. నూలు చీర చెంగు తగిలినా ఓర్చుకోలేరు. ఫ్యాను గాలికి కూడా భగ్గుమంటుంది. నడుము చుట్టూ తిరిగి తలా తోకా కలిస్తే ప్రాణం మీదికొస్తుందని మన పెద్దవాళ్లు హడలిపోయేవారు, ఎర్రమన్ను పూయించేవారు, మంత్రం వేయించేవారు. మామూలుగా ఆ తలా తోకా కలవవు. పొక్కులు ఒక నరం పరిధిలోనే పాకుతాయి, ఆ నరమేమో ఒంటి మధ్యగీత దగ్గర ఆగిపోతుంది.

కారణం చిన్నప్పుడు వచ్చిన ఆటలమ్మే. అమ్మ దిగిపోయిందని వేపాకు స్నానం చేయించేస్తాం గానీ, ఆ వైరస్ ఎక్కడికీ పోదు. వెన్నుపూసల పక్కనుండే నరాల ముడుల్లో దశాబ్దాలపాటు నక్కి ఉంటుంది. దీన్ని గట్టిగా వాదించినవాడు ఏ పెద్ద ప్రయోగశాల శాస్త్రవేత్తో కాదు, ఇంగ్లండ్‌లోని సైరన్‌సెస్టర్ అనే చిన్న పట్నంలో ప్రాక్టీసు చేసుకునే డాక్టరు ఎడ్గర్ హోప్-సింప్సన్. తన దగ్గరికొచ్చే రోగుల్లో పదహారేళ్లపాటు 192 సర్పి కేసులు రాసి పెట్టుకుని 1965లో ప్రకటించాడు. వయసుతోపాటు కేసులు పెరగడం ఆయన చీటీల్లోనే కనిపించింది. ఎనభై అయిదేళ్లు బతికితే సగం మందికి ఒకసారైనా సర్పి వస్తుందని లెక్క కట్టాడు. వైరస్ మారలేదు, దాన్ని అణిచి ఉంచిన శక్తి సడలింది.

ఆ సడలింపు ఎక్కడ మొదలవుతుంది? రొమ్ము ఎముక వెనక థైమస్ అనే గ్రంథి ఉంది. థైరాయిడ్ కాదు, థైమస్. 1961 దాకా దానికంటూ పెద్ద పనేమీ లేదనుకునేవారు. లండన్‌లో జాక్ మిల్లర్ అప్పుడే పుట్టిన ఎలుకపిల్లల్లో దాన్ని తీసేసి చూస్తే అవి రోగాలను తట్టుకోలేక చచ్చిపోయాయి. టి కణాలు తర్ఫీదు పొందేది అక్కడేనని అలా తేలింది. యవ్వనం వచ్చాక ఆ గ్రంథి కుంచించుకుపోతూ కొవ్వుగా మారుతుంది. అందుకే గుండె ఆపరేషన్లలో అడ్డొస్తే సర్జన్లు తీసేస్తుంటారు. దాంతో నష్టమేమీ లేదన్న ధీమా 2023లో చెదిరింది. అమెరికాలోని మసాచుసెట్స్ జనరల్ ఆస్పత్రి రికార్డులు చూస్తే, థైమస్ తీసేసిన పెద్దవాళ్లలో అయిదేళ్లలో 8.1 శాతం మంది చనిపోయారు, అలాంటి ఆపరేషనే జరిగి థైమస్ ఉంచుకున్నవాళ్లలో 2.8 శాతం.

ముసలితనంలో రోగనిరోధకశక్తి తగ్గిపోతుందని మాత్రమే అనుకుంటే సగమే అర్థమైనట్టు. కొత్త రోగాన్ని పట్టుకునే టి కణాలు తగ్గుతాయి, నిజమే. కానీ అదే ఒంట్లో అవసరం లేని వాపు సన్నగా, ఎడతెగకుండా సాగుతుంటుంది. ఇటలీ శాస్త్రవేత్త క్లాడియో ఫ్రాంచెస్కీ 2000లో దీనికి ఇన్‌ఫ్లమేజింగ్ అని పేరు పెట్టాడు. రక్తనాళాల్లో పూడికకూ, షుగరుకూ, మెదడు క్షీణతకూ ఈ వాపు తోడవుతుంది. కోవిడ్ రోజుల్లో ఇంటింటికీ చేరిన ఇమ్యూనిటీ పొడుల మీద నాకు గురి కుదరకపోవడానికి కారణమిదే. ఒకపక్క చాలక, ఇంకోపక్క ఎక్కువై బాధపడుతున్నదాన్ని ఏ వైపున పెంచుతారట?

ఈ రెండు ముఖాలూ ఇంట్లోనే చూడొచ్చు. ఎనభై ఏళ్ల నాయనమ్మ రెండు రోజులుగా అన్నం ముట్టదు, మనవణ్ని పట్టుకుని కొడుకు పేరుతో పిలుస్తుంది, బాత్రూము గడపలో తూలిపడుతుంది. థర్మామీటరు పెడితే జ్వరం లేదు. వయసు మీద పడిందిలే అని ఊరుకుంటారు. తీరా ఆస్పత్రికి తీసుకెళితే న్యుమోనియానో, మూత్రంలో ఇన్‌ఫెక్షనో. జ్వరం పుట్టించే ప్రతిస్పందనే మందగిస్తే ఒళ్లు ఎందుకు కాలుతుంది? ఇక ఫ్లూ సంగతి. కెనడాలోని ఒంటారియోలో చేసిన అధ్యయనం 2018లో తేల్చిందేమిటంటే, ఫ్లూ అని పరీక్షలో తేలిన మొదటి వారంలో గుండెపోటు ముప్పు ఆరు రెట్లు. మనం దాన్ని గుండె జబ్బు ఖాతాలోనే రాసేస్తాం.

మందులతో రోగనిరోధకశక్తి వయసును వెనక్కి తిప్పాలన్న ప్రయత్నాలకు డబ్బుకు కొదవలేదు. 2014లో జోన్ మానిక్ బృందం ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో 218 మంది వృద్ధులకు రాపమైసిన్ కుటుంబానికి చెందిన మందు కొద్ది మోతాదులో ఇస్తే, ఫ్లూ టీకాకు వాళ్ల స్పందన సుమారు 20 శాతం పెరిగింది. అంతా ఎగిరి గంతేశారు. అదే దారిలో మరో మందుతో చేసిన పెద్ద పరీక్ష 2019లో బోల్తా కొట్టింది, దగ్గు జలుబుల జబ్బులు తగ్గనేలేదు.

ఆర్భాటం లేకుండా గెలిచింది టీకాలే. 2006లో అమెరికాలో వచ్చిన తొలి సర్పి టీకా, అరవై దాటినవాళ్లలో జబ్బును సగానికి తగ్గించింది. డెబ్బై దాటితే 38 శాతమే. వయసు తెచ్చిన పరిమితి, ఎవరేం చేస్తారనుకున్నారు. 2017లో షింగ్రిక్స్ వచ్చింది. అందులో బతికున్న వైరస్ లేదు, వైరస్ తాలూకు ఒక ప్రొటీను ముక్క, దానికి తోడు రోగనిరోధక కణాలను తట్టిలేపే సరుకు. ఆ సరుకులో ఒక భాగం చిలీలో పెరిగే కిల్లాయా చెట్టు బెరడు నుంచి తీస్తారు. ఫలితం డెబ్బై దాటినవాళ్లలోనూ దాదాపు 90 శాతం రక్షణ. చెవుడొచ్చిన తాత గట్టిగా పిలిస్తే పలికినట్టే. ఆయనకు మాట అర్థం కాక కాదు, మనం మెల్లగా పిలిచాం.

డిమెన్షియా ముడి ఇక్కడే ఉంది. వేల్స్‌లో ఇచ్చింది పాత టీకా. ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు అమెరికా రికార్డులతో 2024లో చూపినదాని ప్రకారం, కొత్త టీకా తీసుకున్నవాళ్లు పాతది తీసుకున్నవాళ్లకంటే డిమెన్షియా లేకుండా 17 శాతం ఎక్కువ కాలం గడిపారు. నరాల్లో వైరస్ అప్పుడప్పుడు కదిలి మెదడులో రేపే వాపును టీకా ఆపుతోందని కొందరంటారు. కాదు, టీకా మొత్తం రోగనిరోధక వ్యవస్థనే సరిచేస్తోందని మరికొందరు. నాకు మొదటిదే నమ్మదగ్గదిగా అనిపిస్తోంది గానీ, ఆడవాళ్లలో మేలు అంత ఎక్కువగా ఎందుకుందో అది చెప్పలేకపోతోంది.

మన దేశంలో అరవై దాటినవాళ్లలో డిమెన్షియా 7.4 శాతం మందికి, అంటే 88 లక్షల మందికి ఉందని జాతీయ అధ్యయనం అంచనా. షింగ్రిక్స్ 2023 నుంచి ఇక్కడా దొరుకుతోంది. రెండు డోసులు, ఒక్కోటి వేల రూపాయలు. పింఛను డబ్బుతో బతికేవాళ్ల మాట అటుంచితే, కారుల్లో తిరిగేవాళ్లు కూడా బిల్లు చూసి వెనకాడుతున్నారు. సర్కారు టీకాల పట్టిక పుట్టగానే వేసే బీసీజీతో మొదలై పదహారేళ్లకు వేసే టీడీతో దాదాపు ముగుస్తుంది. తర్వాత గర్భిణులకు చోటుంది, అవ్వాతాతలకు లేదు.

విచిత్రమేమిటంటే ఆ పట్టికలో మొదటిదే ఇప్పుడు ముసలివాళ్ల దగ్గరికి వస్తోంది. బీసీజీ భారతదేశంలో తొలి అడుగులు వేసిన చోట్లలో మన మదనపల్లె క్షయ శానటోరియం ఒకటి, 1948లో. కోవిడ్ కాలంలో చెన్నైలోని జాతీయ క్షయ పరిశోధన సంస్థ అరవై, ఎనభై ఏళ్ల మధ్యవాళ్లకు ఆ టీకానే వేసి రక్తం పరీక్షించింది. నెల తర్వాత వాపును సూచించే రసాయనాలు పెరగలేదు సరికదా, తగ్గాయి. 2024లో పలు రాష్ట్రాల్లో అరవై దాటినవాళ్లతో సహా క్షయ ముప్పు ఎక్కువున్న పెద్దలకు బీసీజీ వేశారు. వాళ్లలో ఎందరికి జబ్బు వస్తుందో, వేయించుకోనివాళ్లతో పోల్చి చూస్తున్నారు.