పునరుజ్జీవన వ్యవసాయం: రాష్ట్ర ప్రభుత్వ తోడ్పాటు

7.1 పరిచయం

రసాయనిక ఎరువులు, పురుగుమందులపై ఆధారపడటం తగ్గించి, నేలసారాన్ని తిరిగి పెంచే సాగును పునరుజ్జీవన వ్యవసాయం అంటారు. ఆంధ్రప్రదేశ్‌లో అమలవుతున్న ప్రకృతి వ్యవసాయం ఈ కోవకు చెందినదే. మేలైనదని తెలిసినా రైతు దీనికి ఎందుకు వెనకాడతాడో మొదట పరిశీలిద్దాం.

7.2 మార్పు కాలంలోని కష్టం

ఏళ్ల తరబడి యూరియాకు అలవాటుపడిన పొలంలో దాన్ని ఒక్కసారిగా ఆపితే, తొలి పంటల్లో దిగుబడి తగ్గే ప్రమాదం ఉంది. నేల కోలుకోవడానికి సమయం పడుతుంది. అప్పుపై వడ్డీ మాత్రం ఆగదు. మరో విషయం గమనించండి. కేంద్రం ఇచ్చే ఎరువుల రాయితీ బస్తా ధరలోనే కలిసి ఉంటుంది. బస్తా కొనడం మానిన రైతుకు ఆ రాయితీ కూడా అందదు. అంటే నేలను బాగుచేసుకునే రైతుకే సాయం తగ్గుతుంది. రాష్ట్రం పూడ్చవలసిన లోటు ఇదే.

7.3 ఆంధ్రప్రదేశ్ అనుభవం

రాష్ట్ర ప్రభుత్వం 2014లో రైతు సాధికార సంస్థను నెలకొల్పింది. 2016 నుంచి ఈ సంస్థ ప్రకృతి వ్యవసాయ కార్యక్రమాన్ని నడుపుతోంది. ఆవుపేడ, మూత్రం, బెల్లం, పప్పుల పిండి, గుప్పెడు పుట్టమట్టితో జీవామృతాన్ని రైతు ఇంటి దగ్గరే తయారుచేసుకోవచ్చు. కాబట్టి ఇక్కడ ప్రభుత్వ ఖర్చు ప్రధానంగా వస్తువులపై కాదు, నేర్పే మనుషులపై. ఈ పద్ధతిలో అనుభవం గడించిన రైతులే తోటి రైతులకు శిక్షణ ఇస్తారు. మహిళా స్వయం సహాయక సంఘాలు దీన్ని ఊరూరా విస్తరింపజేస్తాయి. తొలకరికి ముందే నవధాన్యాలు విత్తి, నేలను వీలైనంత కాలం పచ్చగా ఉంచడం మరో ముఖ్యమైన పద్ధతి. 2024లో ఈ కార్యక్రమానికి గుల్బెంకియన్ మానవతా పురస్కారం మరో ఇద్దరితో కలిపి లభించింది.

7.4 తీరని సమస్య

నేల బాగుపడటానికి కొన్నేళ్లు పడుతుంది. చాలామంది కౌలు రైతులకు మాత్రం ఏడాది నోటిమాటే ఆధారం. వారు బాగుచేసిన నేల వచ్చే ఏడు మరొకరి చేతికి పోవచ్చు. 2019 చట్టం సాగుదారు హక్కు పత్రానికి వీలు కల్పించింది. అయితే దానికి భూయజమాని సమ్మతి అవసరం. చాలామంది యజమానులు సంతకానికి జంకుతారు. కాబట్టి శిక్షణతోపాటు కౌలు భద్రత కూడా ఉండాలి. లేకపోతే ఈ తోడ్పాటు సొంత భూమి ఉన్నవారి దగ్గరే ఆగిపోతుంది.

మీ ప్రగతిని సమీక్షించుకోండి

1. ఎరువు వాడకం మానిన రైతు రాయితీని ఎలా కోల్పోతాడు?

2. మీ ఊరిలో ఒక కౌలు రైతుతో మాట్లాడండి. ఈ పద్ధతికి మారాలంటే ఆయనకు ఏ అండ కావాలో అయిదు వాక్యాల్లో రాయండి.