లేత రంగుల పందిట్లో అమ్మకో కుర్చీ

“పెళ్లికి తెల్లచీరేందే? అది నా రంగు. నీకెందుకు బిడ్డా?”

సూర్యాపేటలో మా అక్క కూతురి పెళ్లి పనులకని మిర్యాలగూడ నుంచి వచ్చిన అమ్మ అన్న మొదటి మాట ఇది. నాన్న పోయిన దగ్గర్నుంచి అమ్మ కట్టేవన్నీ వెలిసినట్టుండే చీరలే. ఎవరింట పెళ్లయినా వంటల దగ్గరే కూర్చుంటుంది. పీటల వైపు రాదు. రమ్మని మేమూ గట్టిగా అడిగింది లేదు.

పెళ్లికూతురు సింగపూర్‌లో ఉద్యోగం చేస్తోంది. అక్కడ చైనా కుటుంబంలో పుట్టిన స్నేహితురాలి పెళ్లి చూసొచ్చి, “పిన్నీ, నా పెళ్లి కూడా అలా లేతరంగుల్లో ముచ్చటగా చేయాలి” అంది.

చైనావాళ్లకు పెళ్లంటే ఎరుపు. ఎర్రటి పట్టుబట్టల మీద బంగారు జరీతో డ్రాగన్, ఫీనిక్స్ పక్షి బొమ్మలు కుడతారు. ‘సంతోషం’ అన్న అక్షరాన్ని జంటగా కలిపి రాసి గోడలకు అంటిస్తారు. తెలుపు వాళ్లకు చావింటి రంగు. అయినా ఈతరం అమ్మాయిలు లేత గులాబీ, మీగడరంగు పూలతో వేదిక అలంకరించి, తెల్లగౌను వేసుకుంటున్నారు. పెద్దలకు టీ ఇచ్చే వేళకు మాత్రం ఎర్రబట్టల్లోకి మారతారట.

నాకు మన మధుపర్కాలు గుర్తొచ్చాయి. ఎర్రంచు తెల్లచీరలోనేగా మన పెళ్లికూతుళ్లు తాళి కట్టించుకునేది! ఆ మాటే చెబితే అమ్మ ఇక ఏమీ అనలేదు.

ఫంక్షన్ హాల్లో మెరుపు కాగితాలు, ప్లాస్టిక్ పూలు వద్దన్నాం. లేత గులాబీ తామరలు, లిల్లీలు, మల్లెదండలు, మధ్యలో చిన్న దీపాలు పెట్టించాం. మామిడి తోరణాలు, అరటిచెట్లు మామూలే. ఎరుపు పీటల వెనక తెరకు మాత్రమే ఉంచాం. చుట్టూ అన్నీ లేతరంగులే కావడంతో ఆ ఎరుపే నిండుగా కనిపించింది.

అంతా బాగుందనుకుంటుంటే మా పిల్ల ఇంకో కోరిక బయటపెట్టింది. చైనా పెళ్లిలో వధూవరులు పెద్దలను కుర్చీల్లో కూర్చోబెట్టి, మోకరిల్లి వరసగా టీ అందిస్తారు. పిల్లాపాపలతో చల్లగా ఉండాలని అందులో తామరగింజలు, ఎండు రేగుపళ్లు వేయడం కూడా ఉంది. పెద్దలు టీ తాగి, ఎర్ర కవర్లో డబ్బు పెట్టి దీవిస్తారు.

“తలంబ్రాలయ్యాక మేమూ టీ ఇస్తాం. మొదటి కప్పు అమ్మమ్మకే.”

అక్క ముఖం పాలిపోయింది. “కోదాడవాళ్లు ఏమనుకుంటారే?” అంది. నిజం చెప్పొద్దూ, నేనూ “ఎందుకులే, ఇంటికెళ్లాక ఇద్దువుగాని” అన్నాను. కథల్లో ఇలాంటి అమ్మమ్మల గురించి ఎన్ని రాశానో! సొంత అమ్మ దగ్గరికొచ్చేసరికి నోరు పెగల్లేదు.

మా పిల్ల వినలేదు. వంటల దగ్గర్నుంచి అమ్మను చేయిపట్టి తీసుకొచ్చింది. కోదాడ పెద్దాయనొకరు “భోజనాలకు టైమైంది” అంటూ లేచి వెళ్లిపోయారు. ఓ క్షణం అందరం బిగుసుకుపోయాం. ఇంతలో పెళ్లికొడుకు తల్లి తన కుర్చీ ముందుకు జరిపి, “కూర్చోండి పెద్దమ్మా” అంది.

అమ్మ వణికే చేతులతో కప్పు అందుకుంది. తాగి, కొంగుముడి విప్పి ఐదువందల నోటు మనుమరాలి చేతిలో పెట్టింది. “చక్కెర తక్కువైంది బిడ్డా” అంది, కళ్లు తుడుచుకుంటూ.

మీ ఇంట్లో పెళ్లుంటే రంగులు మీ ఇష్టం. వంటల దగ్గర కూర్చున్న అమ్మకో, అత్తకో ముందు కుర్చీ వేయించండి.